పన్నెండణాల చెట్టు

మా ఇంట్లో పిట్ట అంటే శత్రువే. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెబుతారు. చిలక ఒక కాయను నాలుగు కొరుకులు కొరికి ఇంకో కాయ మీదికి పోతుంది. కాకి ఊరికే పొడిచి చూస్తుంది. తినేది తక్కువ, పాడుచేసేది ఎక్కువ. కాయ చెట్టు మీద ఉన్నన్నాళ్ళూ డబ్బాలు మోగించడానికీ కేకలు వేయడానికీ కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకుంటాం. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన నేను, మేడమీద బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ పిట్టల్ని చూడటం మరిగాను. చిలకల గుంపు వస్తే మా అత్తగారు కింద నుంచి "అమ్మాయ్, మీ చుట్టాలొచ్చారు" అని కేకేసేవారు. ఆవిడ పోయి చాలాకాలమైంది గానీ చిలకల్ని చూస్తే ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

కొల్లేరు మాకు దూరమేమీ కాదు. అక్కడి ఆటపాకలో గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్ళు పెడతాయని, ఒక్కసారి చూపించమని మా ఆయన్ని పెళ్ళయినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. "మామిడికాయ కొరకని పిట్టల కోసం డీజిల్ తగలేయమంటావా" అనేవారు. తర్వాత్తర్వాత ఆ మాట కూడా అనడం మానేసి నవ్వి ఊరుకునేవారు. నేనూ ఆశ వదిలేసి, ఆన్‌లైన్లో ఒక చిన్న బైనాక్యులర్స్ తెప్పించుకుని మేడమీది నుంచి కనిపించిన వాటితోనే సరిపెట్టుకున్నాను.

ఈ జనవరిలో ఒకరోజు కాఫీ తాగుతూ ఆయనే అన్నారు, "ఆదివారం కొల్లేరు పోదామా" అని.

"ఒంట్లో బాగానే ఉందా అండీ?" అన్నాను.

"ఆ పిట్టలు ఎంతుంటాయి?"

"రెక్కలు విప్పితే మన భోజనాల బల్లంత ఉంటాయంట."

"తెల్లవేనా?"

"తెల్లవే. కాస్త బూడిదరంగు కలుస్తుంది."

"గుంపుగా ఉంటాయిగా?"

"ఉంటాయి. ఏంటి, బేరం చేసి కొంటారా?"

"సరే, పోదాం" అని లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పుల స్టాండుకి కాలు తగిలించుకున్నారు. చూసుకుని నడవమని నేను వంటింట్లోంచే అరిచాను.

మా ఆయన పనేమిటో ఇక్కడ చెప్పాలి. మా దగ్గర వ్యాపారులు కాయ కోశాక కొనరు. చెట్టు పూత మీదో పిందె మీదో ఉండగానే తోట మొత్తం మాట్లాడుకుంటారు. అంటే ఇంకా కాయని కాయను చూసి చెప్పగలగాలి. ఆయన తోటలోకి వెళ్ళి ఒక చెట్టు కింద నిలబడి, గడ్డం పైకెత్తి, చెట్టు చుట్టూ మెల్లగా ఒక్కసారి తిరిగి వస్తారు. అలా అక్కడక్కడా నాలుగైదు చెట్లు చూసి తోట మొత్తానికి ఒక్క మాట చెబుతారు. ఆ మాట అణాల్లో ఉంటుంది. పదహారణాలంటే నిండు కాపు, ఎనిమిదణాలంటే సగం. అణాలు ఎప్పుడో పోయినా మా తోటల్లో కాపు లెక్క మాత్రం ఇప్పటికీ అణాల్లోనే నడుస్తోంది. ఆగిరిపల్లి నుంచి మైలవరం దాకా ఆయన పన్నెండణాలన్న తోట పన్నెండణాలే దిగుతుందని పేరు. ఊళ్ళో తక్కిన వ్యాపారులు సొంతంగా తోట చూడటం కూడా మానేసి, "ఆయన ఏమన్నారు" అని అడిగి కొనేసేవాళ్ళు. ఆయనకున్న ఆస్తి అదే, ఆ చూపు.

తోట గలాయన పక్కనే నిలబడి ఉంటాడు కాబట్టి ఆ లెక్కను పైకి అనకూడదు. భాగస్తుడితో చెప్పాలంటే చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళతో చెబుతారు. వాళ్ళ పద్ధతిలో ఒక్కో వేలు రెండణాలు, బొటనవేలు లెక్కలోకి రాదు. నాలుగు వేళ్ళూ అందిస్తే ఎనిమిదణాలు, మళ్ళీ నాలుగూ అందిస్తే పదహారు. పిడికిలి బిగిస్తే ఏమీ లేదని. ఇప్పటి కుర్ర వ్యాపారులు పక్కకి తిరిగి ఫోన్లో మెసేజ్ పెట్టుకుంటున్నారు గానీ, మా ఆయన భుజం మీద తువ్వాలు మాత్రం దిగలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం అది నాకు నేర్పారు. నా వంట ఎన్ని అణాలని అడిగితే తువ్వాలు కప్పి మూడు వేళ్ళిచ్చారు. ఆరణాల వంటా అని నాకు ఒళ్ళు మండి చెయ్యి లాక్కున్నాను. ఆయన నవ్వి, "మొదట ఇచ్చిన లెక్క ఎప్పుడూ అసలు లెక్క కాదు. ఇలా చెయ్యి వెనక్కి తీసుకున్నావంటే ఒప్పుకోలేదని అర్థం. అప్పుడు రెండోది వస్తుంది" అన్నారు. రెండోసారి నాలుగు వేళ్ళిచ్చారు, మళ్ళీ లాక్కుంటే ఈసారి ఆ నాలుగూ వరసగా రెండుసార్లు ఇచ్చారు. పదహారణాలు రాబట్టాకే ఆరోజు అన్నం వడ్డించాను.

దసరా నుంచి ఆయనలో ఏదో తేడా వచ్చింది. తోటకి ఒంటరిగా వెళ్ళే మనిషి కోత మేస్త్రీని వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. మేస్త్రీని ముందు అడిగి, తర్వాత తను చెబుతున్నారని ఎవరో అన్నారు కూడా. ఫోనుకి ఏదన్నా వస్తే నా చేతికిచ్చి చదవమంటారు. కళ్ళజోడు మార్పించుకోండి అంటే మార్పించుకున్నారు. ఆ కొత్త జోడు పెట్టుకుని కూడా ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా అందుకుంటే, వయసు మీద పడుతోందని వెక్కిరించాను. ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉన్న మనిషి అని నాకు తెలియక కాదు. మందులు వేసేది నేనే. ఆ రెంటినీ కలిపి చూడాలని మాత్రం తోచలేదు.

ఆదివారం భోజనాలు కాగానే బయల్దేరాం. సోమవారం పొద్దున ఆయన ముసునూరులో ఒక పెద్ద తోట చూసి మాట చెప్పాలి. ఊళ్ళో ఇంకో ఇద్దరు ఆయన మాట మీదే అందులో భాగం పెడతామని కూర్చున్నారు. దారిలో ఆ సంగతి ఎత్తితే "రేపటిది రేపు చూద్దాం" అన్నారు. పని గురించి ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

హనుమాన్ జంక్షన్ దాకా తోటలు తోడు వచ్చాయి. గుడివాడ వైపు తిరిగాక కోసేసిన వరి మళ్ళు, వాటిల్లో మినుము. ముదినేపల్లి దాటాక నేలంతా చేపల చెరువులే. నీళ్ళలో ఏరియేటర్లు చక్రాల్లా తిరుగుతూ తుంపర లేపుతున్నాయి. అక్కడి నుంచి మా ముందు ఒక చేపల లారీ పడింది. వెనకంతా నీళ్ళు కారుతున్నాయి, కిటికీ ఎక్కించినా నీచు వాసన ఆగలేదు. మేం గుడ్డు కూడా తినని వాళ్ళం. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "దాన్ని దాటిపోండి" అన్నాను.

"రోడ్డు బాలేదు."

"దాని తోక పట్టుకుని పోతే బాగుపడుతుందా?"

లారీ ఆగితే ఆగారు, కదిలితే కదిలారు. కాసేపటికి ఆ లారీ పెద్ద రోడ్డు వదిలి ఎడమ పక్క చెరువు గట్టు మీదికి దిగింది. మేమూ దాని వెనకే దిగాం. పది గజాలు పోయాక గానీ ఆయన బ్రేకు వేయలేదు.

"ఇటెక్కడికండీ?"

"నువ్వే కదా ఇటన్నావు."

నేను అనలేదు. కానీ గొడవ పెట్టుకునే చోటు కాదది. గట్టు కారుకి సరిగ్గా సరిపడా ఉంది, అటూ ఇటూ నీళ్ళు. వెనక్కి తీస్తున్నప్పుడు నా పక్క టైరు కింద మట్టి జారడం అద్దంలోంచి చూసి గట్టిగా చెప్పాను. పెద్ద రోడ్డు ఎక్కాక మంచినీళ్ళు అడిగి సీసా సగం తాగేశారు. భోజనం చేసి చాలాసేపయింది, షుగర్ పడిపోయిందేమో అనుకుని బిస్కెట్లు తినిపించాను.

ఆటపాకలో గట్టు మీద కారు ఆపి దిగగానే నేను అన్నీ మర్చిపోయాను. నీళ్ళ మధ్యలో పిట్టల కోసం కట్టిన ఇనప మంచెలు, వాటి నిండా గూడబాతులు. ఇన్నేళ్ళు అడిగి అడిగి చూసిన దృశ్యం. పిల్లలు తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి తింటున్నాయి. ఆ సందడి పెళ్ళింట్లో వడ్డనలప్పుడు వినిపించే సందడే. పుల్లల కోసం తగువులు, చోటు కోసం తగువులు. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని చిన్నపిల్లలా నాలో నేను నవ్వుకున్నాను. అక్కడి అటవీశాఖ వాచర్ నా పక్కన నిలబడి ఏవి ఏమిటో చెబుతున్నాడు.

"ఆ చివర తుమ్మచెట్టు మీద కూడా ఉంటాయా?" అని అడిగాను.

"ఇదివరకు ఉండేయండీ. రెట్టలు పడి పడి చెట్టు ఎండిపోయింది. ఈ ఏడు దాని మీద ఒక్కటి కూడా వాలలేదు" అన్నాడతను.

మా ఆయన అప్పటికే గట్టు చివరికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి ఆ ఎండిన తుమ్మచెట్టు ముందు నిలబడి ఉన్నారు. గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, చెట్టు చుట్టూ వీలున్నంత మేర మెల్లగా నడిచి వచ్చారు. తోటలో ఆయన్ని అలా ఎన్నోసార్లు చూశాను. నన్ను చూసి తలాడించారు.

"కాపు బాగుంది. పన్నెండణాలు తగ్గదు" అన్నారు.

చెట్టు వైపు చూశాను. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా రెట్ట. పాత గూళ్ళు రెండు మూడు వేలాడుతున్నాయి. ఒక్క పిట్ట లేదు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను. హాస్యమాడేటప్పుడు ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అది లేవలేదు. తోట గలాయన ముందు పెట్టే మొహమే నాకూ పెట్టారు.

నాకు ఎందుకు అలా బుద్ధి పుట్టిందో తెలియదు. ఖాళీగా ఉన్న ఆకాశంలోకి చెయ్యి చూపించి, "అదిగోనండీ, ఎర్రకాళ్ళ కొంగ, మీ నెత్తి మీదుగా పోతోంది" అన్నాను.

ఆయన తలెత్తి, నా చెయ్యి పోయిన వైపే మెల్లగా తల తిప్పి, "ఆ, చూశాను. పెద్దదే" అన్నారు.

భయపడాల్సిన చోట నాకు ముందు కోపం వస్తుంది, అది నా తత్వం. వచ్చిన దారంతా కళ్ళ ముందు తిరిగింది. లారీ వెనక ఎర్ర దీపాలు పట్టుకుని నడిపాడీ మనిషి. అది ఎటు తిరిగితే అటు తిరిగాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, రెండు పక్కలా నీళ్ళున్న గట్టు మీద. నోటి దాకా వచ్చిన మాటలన్నీ మింగి, "పోదాం పదండి, ఎండ దిగిపోతోంది" అన్నాను.

కారు దగ్గరికి వచ్చాక ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. కారు తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. తలుపులు వేసుకున్నాక చెయ్యి చాపారు.

"ఆ చెట్టు మీద ఏమీ లేదండీ" అన్నాను.

"ఏ చెట్టు?"

"మీరు పన్నెండణాలన్న చెట్టు. ఒక్క పిట్ట లేదు. అంతా రెట్ట."

"లేచిపోయి ఉంటాయి."

"కొంగ కూడా లేదు. నేను అబద్ధం చెప్పాను."

చాపిన చేతిని స్టీరింగు మీద పెట్టుకున్నారు. మా ఎదురుగా ఒక కుటుంబం గట్టు మీద దుప్పటి పరుచుకుని పులిహోర తింటోంది. వాళ్ళ పిల్ల ఏదో పాడుతోంది. చాలాసేపు మేమిద్దరం వాళ్ళు తినడం చూస్తూ కూర్చున్నాం. నేను చూస్తూ కూర్చున్నాను. ఆయన అటు మొహం పెట్టుకుని కూర్చున్నారు.

"దీపావళికి ముందు బెజవాడలో చూపించుకున్నాను" అన్నారు చివరికి. "షుగర్ కంటి వెనక పొరకి పట్టిందన్నాడు డాక్టరు. కంట్లో సూదులు వేయాలంట, నెలనెలా రావాలంట. సీజన్ అయ్యాక వస్తానని చెప్పి వచ్చేశాను."

"సీజన్ అయ్యేసరికి ఎండాకాలం పోతుంది."

"నాకు తెలుసు."

"ఆగితే ఏమవుతుందో చెప్పలేదా ఆయన?"

"చెప్పాడు."

"అన్నీ తెలిసే ఊరుకున్నారన్నమాట. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే తోటలకి పోనిస్తావా?" అన్నారు. మళ్ళీ తనే, "కళ్ళు పోయాయని ఊళ్ళో తెలిస్తే నన్ను ఎవడు పిలుస్తాడు? ఒక్క సీజన్. మేస్త్రీని పక్కన పెట్టుకుని ఎలాగో లాక్కొద్దామనుకున్నాను" అన్నారు.

"మరి ముసునూరు?"

"నిన్ను ఇక్కడికి తీసుకొచ్చింది దానికే" అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "చెట్టు తెలుస్తోంది. పూత తెలియట్లేదు. ఆకులో ఆకులా కలిసిపోతోంది. తెల్లగా, పెద్దగా ఉండేవైతే తెలుస్తాయేమో, చూసుకుందాం అనుకున్నాను. ఇవి తెలిస్తే పొద్దున పూత కూడా ఎలాగో తెలుస్తుందని. ఆ చెట్టు నిండుగా తెల్లగా కనబడింది. ప్రాణం లేచొచ్చింది నాకు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాల్సిన పని కూడా లేకపోయింది, పక్కనే ఉన్నా ఆయన నా మొహంలో కన్నీళ్ళు చూడగలరో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళు అడిగిన కొల్లేరుకి నా మీద ప్రేమతో కాదు, తన కళ్ళని పరీక్ష పెట్టుకోవడానికి తీసుకొచ్చారు. దానికి కోపం రావాలి. రాలేదు. అద్దం దించి వాచర్ని పిలిచి, ఆయనకి నలతగా ఉందని, నూజివీడు దాకా కారు నడిపే మనిషి దొరుకుతాడా అని అడిగాను. కైకలూరులో తెలిసిన డ్రైవరున్నాడని, బండి మీద వచ్చేస్తాడని అతను ఫోన్ చేశాడు. మా ఆయన కాదనలేదు. దిగి ఇటు తిరిగొచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అసలు ఎంత కనబడుతోందండీ మీకు?" అన్నాను.

పులిహోర తిన్నవాళ్ళు మా కారు పక్క నుంచే చేతులు కడుక్కోవడానికి నడుస్తున్నారు. ఆయన భుజం మీద తువ్వాలు తీసి మా ఇద్దరి మధ్య సీటు మీద పరిచారు. దాని కిందికి చెయ్యి పోనిచ్చారు. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చెయ్యి కూడా పెట్టాను.

"ఎడమది" అన్నాను.

పిడికిలి అందింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ పెడితే మళ్ళీ పిడికిలే. దాంట్లో బేరం లేదు.

"కుడిది."

నాలుగు వేళ్ళు ఇచ్చారు. ఎనిమిదణాలు. సగం చూపు. ఒక్కసారిగా ఊపిరి వదిలాను. సూదులు వేయించుకుంటే సగం చూపుతో బతకొచ్చు, ఎంతమంది బతకడం లేదు అనుకున్నాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది, మొదట ఇచ్చిన లెక్క ఎప్పుడూ అసలు లెక్క కాదని. నాకు నేర్పింది ఆయనే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తువ్వాలు కింద ఆయన చెయ్యి అలాగే ఉంది. నేను మళ్ళీ పెట్టేసరికి మూడు వేళ్ళున్నాయి.

మళ్ళీ తీసుకున్నాను. మళ్ళీ పెట్టాను. రెండు వేళ్ళు.

గట్టు మీద దూరంగా బైకు లైటు కనిపించింది. కైకలూరు డ్రైవరు వస్తున్నాడు. ఇంకొక్కసారి చెయ్యి వెనక్కి తీసుకుంటే అసలు లెక్క తెలిసిపోయేది. నాకు ధైర్యం చాలలేదు. ఆ రెండు వేళ్ళనీ గట్టిగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా తువ్వాలు తీయకుండా అలాగే కూర్చున్నాను.